ఎడంచేతి మెడ

వంకరగా ఉన్నదేదీ మా ఆయన కంట పడకూడదు. పడిందా, ఇక చేతులు ఊరుకోవు. పక్కింటివాళ్లు టీకి పిలిస్తే కప్పు అందుకునే ముందే వాళ్ల గోడ మీద పటం సరిచేస్తారు. బ్యాంకు వరుసలో నిలబడి ముందున్న మనిషి కాలరు మడత తీసి సరిగ్గా వేస్తారు. ఆ మనిషి ఉలిక్కిపడి వెనక్కి తిరిగితే, "ఇప్పుడు బావుంది" అంటారు, అతనికేదో పెద్ద ఉపకారం చేసినట్టు. నేను సిగ్గుతో చచ్చిపోయి పక్క వరుసలోకి జరుగుతాను. మా వీధిలో ఆయన్ని పేరు పెట్టి ఎవరూ పిలవరు. అందరికీ ఆయన సరిబాబాయే.

పెళ్లయిన కొత్తలో వంటింట్లో గరిటెల డబ్బా దగ్గర మా ఇద్దరికీ పెద్ద యుద్ధమే నడిచింది. నేను ఒక తీరుగా పెట్టుకుంటే ఆయన వచ్చి రెండో తీరుగా తిప్పేవారు. మళ్లీ నేను, మళ్లీ ఆయన. అడగరు, చెప్పరు, తిప్పేస్తారంతే. కొన్నాళ్లకి విసుగొచ్చి నేనే వదిలేశాను. గరిటెల కోసం మొగుడితో పోట్లాడానంటే వినేవాళ్లు నవ్వరూ?

వాళ్ల నాన్నగారు తలుపులూ కిటికీలూ చేసేవారు. తలుపు వెంట్రుకవాసి వంకర పోయినా మూసుకోదు కాబట్టి ఆ ఇంట్లో వంకర అన్నమాటే తిట్టు. మా ఆయన తలుపులు వదిలేసి గిటార్లలోకి వచ్చారు గానీ ఆ కన్ను మాత్రం వెంట తెచ్చుకున్నారు. మా దుకాణంలో రెండు గదులు. ముందు గదిలో నేను తీగలు ఎక్కిస్తాను, తీగల కింద అడ్డంగా ఉండే సన్నటి లోహపు ఫ్రెట్లు ఆకురాయితో రాస్తాను, వచ్చినవాళ్లతో మాట్లాడతాను. వెనక గదిలో కిటికీ కింద బల్ల దగ్గర ఆయన తీగలు నొక్కే పొడవాటి మెడలు చెక్కుతారు. గిటార్‌కైనా, లావు తీగల బేస్ గిటార్‌కైనా ప్రాణం మెడలోనే ఉందని ఆయన నమ్మకం. కళ్లు మూసుకుని మెడ వెనక బొటనవేలు జరుపుకుంటూ పోతారు, ఎక్కడ ఆగితే అక్కడ ఇంకొంచెం చెక్కుతారు. ఆ పనిలో ఆయనకి వంక పెట్టినవాళ్లు లేరు. నేను పెట్టే వంకలన్నీ మిగతా విషయాల్లో.

మెడ చివర తల ఉంటుంది. తీగలు బిగించే కీలు ఆ తలకే ఉంటాయి. మామూలుగా బేస్ భుజాన వేసుకుని నిలబడితే కీలన్నీ వరుసగా పైవైపు, వాయించేవాళ్ల మొహం వైపు చూస్తుంటాయి. కొందరికి ఇది నచ్చదు. తలని తిరగేసి చెక్కమంటారు. అప్పుడు కీలన్నీ నేల వైపు చూస్తాయి, అన్నిటికన్నా లావు తీగ అన్నిటికన్నా దూరపు కీ దాకా ప్రయాణం చేస్తుంది.

అలాంటివాళ్లు వస్తే మా ఆయనకి ఒళ్లు మండేది.

"అంకుల్, చూడగానే జనం చూపు అక్కడ ఆగిపోవాలి" అన్నాడు ఒకతను.

"చూపు ఆగాలంటే బాగా వాయించు నాయనా. తల తిప్పితే ఏమొస్తుంది?"

"లావు తీగ బిగువుగా పలుకుతుందండీ" అన్నాడు ఇంకొకతను.

"నీ చెవికి అలా అనిపిస్తుంది. చెవిని అడిగి తల తిప్పుకుంటామా?"

వాళ్లు వెళ్లిపోయాక, "తల తిరిగినవాళ్లు" అని గొణుక్కుంటూ మళ్లీ చెక్కడంలో పడేవారు. నాకు మాత్రం ఆ తిరగేసిన తల బాగానే ఉండేది. పద్ధతిగా నిలబడ్డ పిల్లల వరుసలో ఒక పిల్ల కొంటెగా పక్కకి చూస్తున్నట్టు ఉండేది. ఆయనతో ఎప్పుడూ అనలేదు. అంటే ముందు నా అభిప్రాయాన్ని సరిచేస్తారు.

ఇక అసలు సంగతి. మా చెల్లెలికి ఒంట్లో బాగాలేకపోతే వాళ్లింటికి వెళ్లి కొన్నాళ్లు ఉండి వచ్చాను. వచ్చేసరికి మా ఆయన మొహం వెలిగిపోతోంది. చేతి సంచి కింద పెట్టనివ్వకుండా చెప్పడం మొదలుపెట్టారు.

నేను లేనప్పుడు ఒక అమ్మాయి బేస్ తెచ్చిందట. మధ్యలో ఒక ఫ్రెట్ దగ్గర తీగ గరగరమంటోంది, చూడమని చెప్పి వెళ్లిపోయిందట. ఈయన పెట్టె తెరిచి చూస్తే తల తిరగేసి ఉంది.

"ఫ్యాషనేమో అనుకున్నా" అన్నారు. "కానీ మెడ అంచు చూశా. చుక్కలు కింది వైపున్నాయి."

ఆ చుక్కలేమిటో చెప్పాలి. వాయించేవాళ్లు తల వంచి చూస్తే ఏ ఫ్రెట్ ఎక్కడుందో తెలియడానికి మెడ పై అంచున చిన్న చుక్కలు పొదుగుతాం. అవి నేల వైపు ఉన్నాయంటే ఆ మెడ ఎడంచేతివాటం వాళ్ల కోసం చేసినదన్నమాట. దాన్ని ఎవరో తెచ్చి కుడిచేతివాటం బేస్‌కి బిగించారు.

"ఎవడో పాతసామాను వాడు ఆ పిల్లని మోసం చేశాడు" అన్నారు మా ఆయన. "చుక్కలు కనపడక ఎంత అవస్థ పడుతోందో! పాపం, నోరు తెరిచి చెప్పలేదు కూడా. అందుకే నా దగ్గరున్న మంచి మెడ ఒకటి తీసి బిగించేశాను. ఆ మెడకి ఏమీ తీసుకోను కూడా."

"తల దగ్గర తీగలు ఆనే ఎముక ముక్క ఎలా ఉంది?" అని అడిగాను. తీగల వరుస మారితే ఆ ముక్క మళ్లీ కొత్తగా కోయాలి. మా దుకాణంలో ఆ పని నాదే.

"కొత్తదే. శుభ్రంగా కోశారు."

"మోసం చేసేవాడు అంత శ్రద్ధగా ఎందుకు కోయిస్తాడండీ?"

ఆయన చెవిన వేసుకోలేదు. అసలైన శుభవార్త ఇంకా చెప్పలేదు మరి. మా దగ్గరికి ఎప్పటి నుంచో ఒక స్కూలు బస్సు డ్రైవరు వస్తుంటాడు. ఎడంచేతివాటం మనిషి. చిన్నప్పటి నుంచి ఇంకొకళ్ల బేస్‌లు తిరగేసి పట్టుకుని వాయించాడు. ఎలాగో ఒక ఎడంచేతి బేస్ సంపాదిస్తే దాని మెడ ముందే వంగిపోయి ఉంది, వాయించడానికి పనికిరాలేదు. ఇంకో ఎడంచేతి మెడ కోసం మా గుమ్మం తొక్కని వారం లేదు.

"ఆ పిల్ల మెడ అతనికి పెట్టేశాను" అన్నారు మా ఆయన. "అతని పాత మెడ మీది ఎముక ముక్క తీసి దీనికి పెట్టాను, అతికినట్టు సరిపోయింది. ఎవరిది వాళ్లకి చేరింది. చూశావా, ఒక్క దెబ్బకి రెండు వంకరలు తీర్చాను."

నేను సంచి కింద పెట్టి కుర్చీలో కూలబడ్డాను.

ఆ మర్నాడే ఆ అమ్మాయి వచ్చింది. నవ్వు మొహం, భుజాన బట్టల సంచి. మా ఆయన పెళ్లికూతురి తండ్రిలా ఎదురెళ్లి బేస్ తెచ్చి చేతికిచ్చారు. ఆ పిల్ల పట్టీ భుజాన వేసుకుంటూ కిటికీలోంచి వీధి చూస్తోంది. చూడకుండానే ఎడంచెయ్యి మెడ కిందుగా పోయింది, కీ కోసం. అక్కడ ఏమీ లేదు. వేళ్లు గాలిని పట్టుకున్నాయి. మళ్లీ తడుముకున్నాయి. అప్పుడు చూసింది.

దాని మొహంలో రక్తం ఎలా దిగిపోయిందో నేను కళ్లారా చూశాను. కొయ్యబారిపోయింది. మా ఆయన మాత్రం సంతోషంతో అలా అయిందనుకున్నారు.

"ఇప్పుడు బావుంది కదమ్మా" అన్నారు.

"నా మెడ ఏది అంకుల్?"

"అది ఎడంచేతి వాళ్లదమ్మా. నిన్నెవరో మోసం..."

"తెలుసు. అది మా అక్కది. ఎక్కడుంది?"

మా ఆయన దిక్కుతోచక నా వైపు చూశారు. చెప్పే పని నా మీద పడింది. వేరే మనిషి బేస్‌కి వెళ్లిపోయిందని నేను చెప్పాను. ఆ పిల్ల బేస్‌తో సహా నేల మీద కూర్చుండిపోయింది. అరవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే మాకు కాస్త తేలికగా ఉండేది.

నీళ్లు తాగించాక ఒక్కొక్క ముక్కే చెప్పింది. అక్కది ఎడంచేతివాటం. బేస్ వాయించడం నేర్పింది అక్కే, ఎదురెదురుగా కూర్చోబెట్టుకుని. అక్కని చూస్తూ వాయిస్తుంటే అద్దంలో చూసుకున్నట్టే ఉండేదట. అక్క అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేది. అక్కడ కోత యంత్రంలో చెయ్యి పడి కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఎడంచేతివాటం వాళ్లు తీగలు నొక్కేది కుడిచేత్తోనే. అంతటితో అక్క వాయించడం ఆగిపోయింది.

"అక్క ఆసుపత్రిలో ఉండగానే తన మెడ విప్పి నా బేస్‌కి పెట్టించుకున్నాను" అంది. "తను వాయించలేకపోయినా తన మెడ స్టేజీ ఎక్కుతుంది కదా అని. మెడ వెనక అక్క బొటనవేలి రాపిడికి రంగు పోయిన చోటుంది ఆంటీ. నా వేలు అక్కడే పెట్టుకుంటాను. చూసేవాళ్లు తల భలే స్టైలుగా ఉందంటారు. నేను ఎవరికీ చెప్పలేదు."

మా ఆయన మెల్లిగా వెనక గదిలోకి వెళ్లిపోయారు. వెళ్లి చూస్తే బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. బల్ల మీద ఉలి వంకరగా పడి ఉంది. దాన్ని ఆయన ముట్టుకోలేదు. ఇన్నేళ్లలో అలాంటిది నేను చూడలేదు, నాకు భయమేసింది.

"చోటు చూశాను" అన్నారు. "వెనక రంగు పోయిన చోటు. అరిగిపోయిందే అనుకుని మళ్లీ రంగు వేసి నున్నగా చేసి ఇచ్చాను."

ఆ మాట ఆ పిల్లతో అనడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ పిల్లని సాయంత్రం రమ్మని చెప్పి, మధ్యాహ్నం నేనూ ఆయనా ఆ డ్రైవరు పనిచేసే స్కూలుకి వెళ్లాం. పిల్లలు ఇళ్లకి బయల్దేరేదాకా డ్రైవరుకి పనుండదు. ఖాళీ బస్సులో వెనక సీటులో కూర్చుని వాయించుకుంటున్నాడు. మమ్మల్ని చూడగానే బేస్‌తో సహా దిగి వచ్చాడు.

"రా అన్నా, రండి వదినా! ఇన్నాళ్లూ నాకు తెలిసిందల్లా తిరగేసిన తలే. నేల వైపు చూసే కీలే. పైకి చూసే తల నా చేతిలో ఉండడం ఇదే మొదలు. రాత్రి మా ఆవిడ నవ్వింది, ఆ బేస్‌ని అలా ఎత్తుకుని తిరుగుతావేంటని."

ఇలా అంటున్న మనిషికి ఏం చెబుతాం? చివరికి నేనే చెప్పాల్సి వచ్చింది. వింటున్నంతసేపూ అతను బేస్ మెడ మీంచి చెయ్యి తీయలేదు. అంతా విన్నాక, "సాయంత్రం తెస్తాను వదినా" అని మాత్రం అన్నాడు. బస్సెక్కి మళ్లీ వాయించలేదు. కిటికీలోంచి అలా చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం అందరం దుకాణంలో చేరాం. డ్రైవరు బేస్ తెచ్చాడు. అమ్మాయి వాళ్ల అక్కని వెంటపెట్టుకుని వచ్చింది. అక్క పొడగరి, కుడిచెయ్యి చున్నీ కింద దాచుకుని నిలబడింది. సంగతంతా చెల్లెలు ముందే చెప్పినట్టుంది. మా ఆయన ఆమె మొహం చూడలేక స్క్రూడ్రైవరు తీసుకుని బేస్‌ని బల్ల మీద బోర్లా పెట్టారు. మొదటి స్క్రూ మీద ఆనించారు.

"ఆగండి" అంది అక్క. "విప్పేముందు ఈయన్ని ఒక్కసారి వాయించమనండి."

డ్రైవరు మొహమాటపడుతూ పట్టీ భుజాన వేసుకున్నాడు. గొప్పగా ఏం వాయించలేదు. నెమ్మదిగా, లావు తీగ మీద ఎక్కువసేపు నిలుస్తూ వాయించాడు. అక్క కళ్లు మాత్రం అతని కుడిచేతి వేళ్ల మీదే ఉన్నాయి. వాయించడం అయ్యాక ఆమె చున్నీ కింది నుంచి చెయ్యి తీసి మెడ వెనక తడిమింది. తన చోటు వెతుక్కుంటోందని నాకర్థమైంది. అంతా నున్నగా తగిలి ఉంటుంది. ఆమె చెయ్యి అక్కడ ఆగి, వెనక్కి వచ్చింది.

"ఇది ఈయన దగ్గరే ఉండనివ్వు" అంది చెల్లెలితో.

"అదేంటక్కా! నీ కోసమే కదా నేను..."

"నా కోసమని తెలుసు. అందుకే ఇన్నాళ్లూ చెప్పలేకపోయాను. నువ్వు వాయించేచోటికి వచ్చినప్పుడల్లా నేను తల దించుకుని కూర్చునేదాన్ని, చూశావా ఎప్పుడైనా? నా మెడ తలకిందులై నీ చేతిలో వేలాడుతుంటే నాకు ఫ్యాక్టరీయే గుర్తొచ్చేది. నేను ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి విప్పి పెట్టేసుకున్నావు. నన్ను ఒక్క మాట అడగలేదు."

నేను నిర్ఘాంతపోయాను. ఆ పిల్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పొద్దున మా ఆయన మొహం ఎలా ఉందో ఇప్పుడు దాని మొహం అచ్చం అలాగే ఉంది. ఏడుస్తూ, "నీకు బావుంటుందనుకున్నాను" అంది. అక్క దగ్గరికి తీసుకుంది. డ్రైవరు ఏం చేయాలో తెలియక బేస్‌ని అటూ ఇటూ మారుస్తూ నిలబడ్డాడు.

మా ఆయన అమ్మాయి వైపు తిరిగారు. "అయితే నేను పెట్టిన మెడే ఉంచుకో అమ్మా. మంచి చెక్క" అన్నారు.

అమ్మాయి మొహం తుడుచుకుని తల అడ్డంగా ఊపింది. "నాకు తిరగేసిన తలే కావాలి అంకుల్."

"ఇంకా ఎందుకే?" అంది అక్క. మేమూ అదే అనబోయాం.

"మొదట నీ కోసమే అక్కా. ఇప్పుడు కాదు. నా చెయ్యి కిందికే పోతుంది. లావు తీగ దూరం వెళ్లి బిగుసుకుంటే ఆ బిగువు నా వేలికి తెలుస్తుంది. ఎందుకంటే చెప్పలేను. పొద్దున ఈ తల చూసుకుంటే ఎవరిదో బేస్ ఎత్తుకొచ్చినట్టుంది. నాకా తిరగేసిన తలే నచ్చింది, అంతే."

మా ఆయన ఇలాంటివాళ్లని ఎంతమందిని గుమ్మంలోంచి పంపించేశారో నాకు తెలుసు. ఇప్పుడు కూడా ఏదో ఒకటి అంటారని ఎదురుచూశాను. ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టారు.

"చుక్కలు ఏ వైపు పెట్టమంటావు?" అని అడిగారు.

"పైవైపే అంకుల్. అవి కనపడక ఎంత అవస్థ పడ్డానో!"

ఆ మాటకి డ్రైవరు ఫక్కున నవ్వాడు, ఆ వెంటనే అందరం నవ్వాం. చుక్కల దగ్గరైనా తను పొరబడలేదని మా ఆయన మొహంలోకి కాస్త రక్తం వచ్చింది.

మెడ చెక్కడం మర్నాడే మొదలైంది. తల ఆకారం గీసుకోవడానికి ఆయన దగ్గర పలచటి చెక్క అచ్చు ఒకటుంది, వాళ్ల నాన్నగారి చేత కోయించుకున్నది. దాన్ని బోర్లా తిప్పి పెట్టారు. పెన్సిలు పట్టుకుని ఎంతకీ గీయరు. టీ తెచ్చిన నేను గుమ్మంలోనే ఆగిపోయాను. చివరికి గీశారు. గీశాక అచ్చు పక్కకి తీసి, ఆ గీతని అటు నుంచీ ఇటు నుంచీ చూసి, "దీనికీ ఒక తీరుంది" అన్నారు. నేను విననట్టు టీ పెట్టేసి వచ్చాను.

కొత్త మెడ బిగించిన బేస్ తీసుకోవడానికి అక్కాచెల్లెళ్లు వచ్చిన రోజు డ్రైవరు కూడా వచ్చాడు. అమ్మాయి పట్టీ వేసుకుని మాతో మాట్లాడుతూనే చెయ్యి కిందుగా పోనిచ్చింది. వేళ్లకి కీ దొరికింది. నేను కోసిన ఎముక ముక్క మీద లావు తీగ బుద్ధిగా కూర్చుంది. ఆ పిల్ల వాయించడం మొదలుపెట్టాక నేను దాన్ని చూడలేదు, వాళ్ల అక్కనే చూశాను. ఆమె తల ఎత్తి కూర్చుంది. చివరిదాకా ఎత్తే ఉంది.

అందరూ వెళ్లిపోయాక దుకాణం మూసి ఇంటికి వచ్చాం. నేను కూర పొయ్యి మీద పెట్టి వెనక్కి తిరిగేసరికి మా ఆయన గరిటెల డబ్బా ముందు నిలబడి ఉన్నారు. పొద్దున కంగారులో నేనే కొన్ని అటూ కొన్ని ఇటూ పడేసి వెళ్లాను. ఆయన చెయ్యి అలవాటుగా ముందుకి వెళ్లింది. సగంలో ఆగిపోయింది. ఆ చేతిని వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నారు.

"ఇదిగో" అన్నారు. "ఈ గరిటెలు నీకు ఎటు ఉంటే ఇష్టం?"

ముందు నాకు నవ్వొచ్చింది. ఈ మాట కోసం ఎన్నేళ్లు కాచుకున్నానో, ఇప్పుడు గట్టిగా చెబుదామని నోరు తెరిచాను. ఒక గరిటె తీసి కాడ కిందికి పెట్టి చూశాను. కాదేమో అనిపించింది. తిప్పి కాడ పైకి పెట్టి చూశాను. అదీ నాది కాదనిపించింది. మళ్లీ తిప్పాను. కొత్త కాపురంలో పంతం పట్టి రోజూ నేను పెట్టుకున్నది ఎటు?

నాకు గుర్తు రాలేదు. గరిటె చేతిలో పట్టుకుని నేనూ, జవాబు కోసం చూస్తూ ఆయనా అక్కడే నిలబడిపోయాం. పొయ్యి మీద కూర అడుగంటుతోంది.